నాలుగు భాషలు వచ్చినోళ్లకు 35 మాటలు



పోయిన వారం మన జిల్లా పిల్లలు ఇద్దరు హాస్టల్ నుంచి ఫోన్ చేశారు. ఇద్దరూ ఈ ఏడాదే ఇంజినీరింగ్‌లో చేరిండ్రు, కంప్యూటర్ సైన్స్ బ్రాంచి. "అన్నా, బ్రాంచి మార్చుకుందామనుకుంటున్నం. సివిల్ అయితే ఎట్లనన్నా పాసైతం. ఈ కోడింగ్ మనకు రాదు" అన్నరు. కాలేజీ మొదలై ఇంకా రెండు నెలలు కూడా కాలేదు. ఫోన్‌లో గంటసేపు మాట్లాడినా చెప్పాల్సింది సగమే చెప్పిన. మిగతాది ఇక్కడ రాస్తున్న, వాళ్లిద్దరి కోసం, వాళ్ల లెక్కనే ఆలోచిస్తున్న వేరేవాళ్ల కోసం. పొడుగ్గా ఉంటది, ఓపికతోని చదవండి.

"మనకు రాదు" అనే మాట నేను మొదటిసారి విన్నది నా రూమ్మేట్ నోట. కొలాం గూడెం నుంచి వచ్చినోడు. సంతల కూరగాయల లెక్క, కిలో ఇంత అయితే మూడు పావులు ఎంత, నోటితోనే టకీమని చెప్పేవాడు. మొదటి సెమిస్టర్ అయిపోయినంక ట్రంకు పెట్టె సర్దుకొని ఊరికి పోయిండు, మళ్లీ రాలే. ఇప్పుడు వ్యవసాయం చేస్తుండు, బాగనే ఉన్నడు, అది వేరే సంగతి. కానీ ఆయన పోవడానికి కారణం బుర్ర లేక కాదు. ల్యాబులో సార్ "డిక్లేర్ ఎ వేరియబుల్, ఇనిషియలైజ్ ఇట్ టు జీరో" అంటే పక్కన ఇంగ్లిష్ మీడియం పిల్లలు టైప్ చేసుకుంట పోతున్నరు, మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నం. డిక్లేర్ అన్న మాట మేం అప్పటిదాకా విన్నది "రేపు సెలవు డిక్లేర్ చేసిండ్రు" అన్నప్పుడే. ఒకరోజు అడిగితే, సీటు ఎట్ల వచ్చిందో గుర్తుచేసి కూర్చోబెట్టారు. ఆ కాలేజీ పేరు, ఆ సార్ పేరు ఇక్కడ అవసరం లేదు. అట్లాంటి మాట మీలో చాలామంది ఎక్కడో ఒకచోట విన్నదే.

నాకు తర్వాత మెల్లగా అర్థమైంది ఏందంటే, ప్రోగ్రామింగ్‌లో వాడే మాటలు చాలామట్టుకు మామూలు ఇంగ్లిష్ మాటలే. రిటర్న్, లూప్, స్ట్రింగ్, ఫంక్షన్, బగ్. ఇంగ్లిష్ ఇంట్లో వినేటోడికి ఆ మాటల ఇంటి అర్థం ముందే తెలుసు, కంప్యూటర్ అర్థం దానిమీద ఎక్కించుకుంటడు. మనకు ఇంటి అర్థం లేకుండా నేరుగా కంప్యూటర్ అర్థం నెత్తి మీద పడుతది. అందుకే బరువు అనిపిస్తది. అందుకని నేను ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టుకున్న. ప్రతి మాటకు ఎదురుగ మన దగ్గర దానికి సరిపోయే సంగతి ఏముందో రాసుకునేవాణ్ణి. ఇప్పుడు రాసేది ఆ నోట్‌బుక్‌లోదే కొంత.

ముందు ఒక లెక్క చెప్తా. ఇప్పటి పైథాన్ భాషలో మనం మార్చడానికి వీల్లేని మాటలు, కీవర్డ్స్ అంటారు, మొత్తం 35. సి భాషలో 1989 స్టాండర్డ్ ప్రకారం 32. అంతే. ఇవి కాక ప్రింట్, ఇన్‌పుట్ లాంటి రెడీమేడ్ పనిముట్లు ఉంటయి, అందులో రోజూ వాడేవి కొన్నే. మనం ఇంట్ల గోండి మాట్లాడుతం, బడిల తెలుగు, సంతల హిందీ, సరిహద్దు దాటి చుట్టాలింటికి పోతే మరాఠీ. ఎవరూ ట్యూషన్ చెప్పకుండనే నాలుగు భాషలు వచ్చినోళ్లకు 35 మాటలు ఎక్కువ అంటే నేను ఒప్పుకోను.

ఇగ వేరియబుల్. పుస్తకాల్లో "మెమొరీలో ఒక స్థలానికి పేరు" అని ఉంటది. డబ్బా అని చెప్తారు కొందరు సార్లు. నాకు డబ్బా కంటే షావుకారి ఖాతా పుస్తకం బాగా పనికొచ్చింది. మీ నాయిన పేరు మీద ఒక పేజీ, అందులో "అప్పు" అని రాసి ఎదురుగ ఒక అంకె. పేరు మారదు, అంకె మారుతుంటది. వేరియబుల్ అంటే ఆ పేరు, దాని ఎదురుగ ఇప్పుడున్న అంకె. డిక్లేర్ అంటే పేజీ తెరిచి పేరు రాసుడు. ఇనిషియలైజ్ అంటే మొదటి అంకె వేసుడు. సి లో ముందు పేజీ తెరవాలె, పైథాన్‌లో అంకె వేసినప్పుడే పేజీ తెరుచుకుంటది.

పైథాన్‌లో (మూడో వర్షన్ నుంచి) వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. ఈ సంగతి నాకు కాలేజీలో ఎవరూ చెప్పలే. కింద రాసింది ఉత్త ఉదాహరణ కాదు, అట్లనే టైప్ చేస్తే నడుస్తది:

బరువు = 12
ధర = 7000
మొత్తం = బరువు * ధర
తరుగు = బరువు * 3 * ధర / 100
చేతికి = మొత్తం - తరుగు

పన్నెండు క్వింటాళ్ల పత్తి, క్వింటాలు ఏడు వేలు, క్వింటాలుకు మూడు కిలోలు తరుగు తీసిండనుకుందాం. మొత్తం 84,000. తరుగు కింద పోయేది 2,520. చేతికి వచ్చేది 81,480. కంప్యూటర్ 81480.0 అని చూపిస్తది, ఆ చుక్క సున్నా చూసి బెదరకండి. పైథాన్‌లో / గుర్తు పెట్టి భాగిస్తే జవాబు ఎప్పుడూ దశాంశంలోనే వస్తది. అట్లాంటి అంకెను ఫ్లోట్ అంటారు. చుక్క లేని అంకె ఇంట్, అంటే ఇంటిజర్, పూర్ణాంకం.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. పై అయిదు లైన్లు నడిచినంక ధర = 7200 అని ఇంకో లైను రాస్తే, మొత్తం దానంతట అది మారుతదా? మారదు. ఎక్సెల్‌లో అయితే మారుతది, ఇక్కడ మారదు. కంప్యూటర్ పై నుంచి కిందికి ఒక్కొక్క లైను చదువుకుంట, చేసుకుంట పోతది. మొత్తం లెక్క కట్టినప్పుడు ధర ఏడు వేలు ఉండె, కట్టింది, మర్చిపోయింది. కొత్త ధరకు మళ్లీ కట్టమని మనమే చెప్పాలె.

ఇంకోటి, = గుర్తు. మన లెక్కల సార్ చెప్పిన "సమానం" ఇది కాదు. పదో తరగతి దాకా బుద్ధిగా లెక్కలు చేసినోళ్లే ఇక్కడ ఎక్కువ ఆగిపోతారు, ఎందుకంటే పుస్తకంలో ఇట్లాంటిది కనిపిస్తది:

అప్పు = అప్పు + 900

లెక్కల ప్రకారం ఇది అబద్ధం. ఏ అంకె కూడా తనకంటే 900 ఎక్కువ ఉండదు. కానీ ప్రోగ్రామ్‌లో = ను కుడి నుంచి ఎడమకు చదవాలె. ముందు కుడిపక్క లెక్క కట్టు, వచ్చినదాన్ని ఎడమపక్క పేరు ఎదురుగ రాయి. షావుకారు చేసేది అదే కదా, పాత అప్పుకు ఈ నెలది కలిపి, పాత అంకె కొట్టేసి, కొత్త అంకె వేస్తడు. నిజంగా "ఈ రెండూ సమానమేనా?" అని అడగాలంటే రెండు గీతల జతలు పెట్టాలె, == ఇట్ల. ఒకటి పెడితే రాయుడు, రెండు పెడితే అడుగుడు.

ఆ అడుగుడు దగ్గరే ఇఫ్ వస్తది. గోండు ఇండ్లల్లో పెళ్లి మాట మొదలైతే పెద్దలు మొదట ఏం అడుగుతరు? ఎన్ని దేవుళ్లోళ్లు అని. నాలుగా, అయిదా, ఆరా, ఏడా. రెండు పక్కలా ఒకే సగ అయితే మాట అక్కడికే ఆగిపోతది, వేరే సగ అయితే ముందుకు పోతది. ఇదే ఇఫ్, ఎల్స్. పిల్ల సగ == పిల్లవాని సగ అయితే ఇది, కాకపోతే అది. ఆ ప్రశ్నకు జవాబు అవును, కాదు రెండే. వాటిని ట్రూ, ఫాల్స్ అంటారు, ఆ రకానికి బూలియన్ అని పేరు. జార్జ్ బూల్ అని 19వ శతాబ్దపు ఇంగ్లండ్ లెక్కల పండితుడు, ఆయన పేరు మీద వచ్చింది. అండ్, ఆర్ కూడా ఇక్కడివే. స్కాలర్‌షిప్‌కు కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్ రెండూ కావాలె, అది అండ్. గుర్తింపు కోసం ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ చాలు అంటే అది ఆర్.

సగ గురించి చెప్పినప్పుడే ఇంకో మాట. నాలుగు దేవుళ్లు, అయిదు దేవుళ్లు అన్నప్పుడు అవి అంకెలే, కానీ వాటిని కూడతమా? నాలుగు దేవుళ్లోళ్లను, అయిదు దేవుళ్లోళ్లను కలిపి తొమ్మిది దేవుళ్లోళ్లు అనము కదా. అది పేరు లెక్క వాడే అంకె. ఫోన్ నంబర్, ఆధార్ నంబర్, హాల్ టికెట్ నంబర్ కూడా అంతే. కూడే అవసరం లేని అంకెలను అక్షరాల్లాగ దాచుకోవాలె. అట్ల దాచుకున్నదాన్ని స్ట్రింగ్ అంటారు, కోట్స్ మధ్యలో పెడతారు. స్ట్రింగ్ అంటే దారం. అక్షరాలను పూసల్లాగ వరుసగా గుచ్చినది అనుకుంటే గుర్తుంటది.

ఈ తేడా ఎంత పని చేస్తదో చూడండి. పైథాన్‌లో ఇన్‌పుట్ అనే ఫంక్షన్‌తో మనిషిని అంకె అడిగితే, వాళ్లు ఏం కొట్టినా అది స్ట్రింగ్ లాగనే వస్తది. మొదటి బస్తా 40 కిలోలు, రెండో బస్తా 35 అని కొట్టి, రెంటినీ + తో కలిపితే 75 రాదు, 4035 వస్తది. రెండు దారాలను ముడివేసినట్టు పక్కపక్కన అతికిస్తది. ఎర్రర్ కూడా చూపించదు. కంప్యూటర్ లెక్కన అది తప్పు చేయలేదు, అతికించమంటే అతికించింది. దాన్ని ఇంట్ అనే ఫంక్షన్‌లో పెట్టి అంకెగా మార్చినంకనే కూడాలె. మొదటి ల్యాబుల్లో జవాబు వింతగా వచ్చినప్పుడల్లా ముందు ఇదే చూస్కోండి.

లూప్ గురించి నేను ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే నాకు ప్రోగ్రామింగ్ మీద నమ్మకం వచ్చింది దానితోనే.

రెండో సంవత్సరం సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన. నాయిన విత్తనాలకు, ఎరువులకు తెచ్చిన అప్పు గురించి మాట్లాడుతుండు. ముప్పై వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నాయిన లెక్క ప్రకారం నెలకు 900, ఏడాదికి 10,800, మొత్తం 40,800. అప్పిచ్చినాయన చెప్పే అంకె దానికంటే ఎక్కువ ఉంది. నాయిన "వాడు తప్పు లెక్క కట్టిండు" అంటడు. అన్న "వాళ్ల లెక్క తప్పదు" అంటడు. నేను ఫోన్ తీసి ఇది రాసిన. ఫర్, ఇన్, రేంజ్, ప్రింట్ అనేవి ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలె, ఇక్కడ చదువుకోవడానికి మన అక్షరాల్లో పెడుతున్న:

అప్పు = 30000
ఫర్ నెల ఇన్ రేంజ్(12):
    అప్పు = అప్పు + అప్పు * 3 / 100
    ప్రింట్(అప్పు)

ఫర్ లైనుకు అర్థం, కింద లోపలికి జరిపి రాసిన పనిని పన్నెండు సార్లు చెయ్యి అని. నెల నెలకూ వడ్డీని అసలులో కలుపుతుంది, మళ్లీ దానిమీద వడ్డీ వేస్తుంది. పన్నెండు అంకెలు వరుసగా పడ్డయి. చివరిది 42,773 కు దగ్గర. అప్పిచ్చినాయన చెప్పిన అంకె అదే. అంటే లెక్క తప్పు లేదు, వడ్డీ మీద వడ్డీ వేసిండు, ఆ సంగతి అప్పు ఇచ్చేటప్పుడు చెప్పలేదు. నాయిన ఆ అంకెలను పై నుంచి కిందికి చాలాసేపు చూసిండు. తర్వాత అడిగిండు: "ఇంకో ఏడు కట్టకుంటే?"

నేను 12 తీసి 24 పెట్టిన. 60,984 వచ్చింది. ముప్పై వేలు రెండేండ్లలో రెండింతలు దాటింది.

నాయిన ఏం అనలే. ఆ యాసంగి పంట రాగానే మొదట ఆ అప్పే కట్టిండు. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇప్పటిదాకా రాసిన కోడ్ అంతా కలిపినా ఆ నాలుగు లైన్లంత పని ఏదీ చేయలేదని నాకు అనిపిస్తది. మా నాయిన బడికి పోలేదు. కానీ "12 చోట 24 పెడితే ఏమైతది" అన్న ప్రశ్న ఆయనకే వచ్చింది. ప్రోగ్రామ్ రాసేటోళ్లు రోజూ అడిగే ప్రశ్న అది.

లూప్‌లో ఇంకో రకం వైల్. ఎన్ని సార్లో ముందు తెలిస్తే ఫర్, తెలియకుంటే వైల్. గోలెం నిండేదాకా నీళ్లు మోయి అంటే వైల్. ఎన్ని బిందెలో ముందు చెప్పలేం, నిండిందా లేదా అని ప్రతిసారీ చూస్తం. గోలేనికి చిల్లు ఉంటే? మోస్తూనే ఉంటం. దాన్నే ఇన్ఫినిట్ లూప్ అంటారు. అప్పుడు కంట్రోల్, సి రెండు మీటలూ కలిపి నొక్కితే ఆగుతది, కంప్యూటర్‌కు ఏం కాదు.

లిస్ట్ అంటే వరుస, సి లో అర్రే అంటారు, కొన్ని తేడాలున్నయి కానీ మొదట్లో అవసరం లేదు. అందులో మొదటిదాని నంబర్ సున్నా అంటే అందరికీ చిరాకు. హాస్టల్ మెస్‌లో ప్లేటు పట్టుకొని లైన్లో నిల్చున్నప్పుడు "నా ముందు ఎంతమంది" అని లెక్కపెట్టండి. అందరికంటే ముందున్నోని ముందు సున్నా మంది. కంప్యూటర్ అడిగేది "ఎన్నోవాడు" అని కాదు, "మొదటి నుంచి ఎంత దూరం" అని. రేంజ్(12) కూడా అందుకే 0 నుంచి 11 దాకా పోతది, మొత్తం పన్నెండే.

ఫంక్షన్ అంటే గిర్ని. జొన్నలు పోస్తే పిండి వస్తది. లోపల రాళ్లు ఎట్ల తిరుగుతయో మనకు అవసరం లేదు. పోసిన జొన్నలను ఆర్గ్యుమెంట్ అంటారు. (ఇంగ్లిష్‌లో ఈ మాటకు కొట్లాట అనే అర్థం కూడా ఉంది, డిక్షనరీ చూసి గందరగోళం పడకండి.) వచ్చిన పిండిని రిటర్న్ వాల్యూ అంటారు. గోధుమలు పోస్తే గోధుమ పిండి, అదే గిర్ని. ఒక్కసారి రాసిపెట్టి, వేరే వేరే వాటితో వందసార్లు పిలుచుకోవచ్చు.

ప్రింట్‌కు, రిటర్న్‌కు తేడా ఏందని ఆ పిల్లలిద్దరూ అడిగిండ్రు. మంచి ప్రశ్న, రెండో సంవత్సరం పిల్లలు కూడా దీని దగ్గర ఆగుతారు. గిర్ని ఆయన "నీది అయిదు కిలోలు అయింది" అని గట్టిగా అరిచిండనుకోండి, అది ప్రింట్. మీకు వినిపించింది, కానీ చేతిలోకి ఏం రాలేదు. పిండిని మీ సంచిలో పోసి ఇస్తే, అది రిటర్న్. ఆ సంచి ఇంటికి తీసుకపోయి రొట్టెలు చేస్కోవచ్చు. ఫంక్షన్ లోపల ఉత్త ప్రింట్ పెట్టి, దాని జవాబుతోని ఇంకో లెక్క చేద్దామని చూస్తే, పైథాన్ నన్ అనే వస్తువు ఇస్తది. నన్ అంటే సున్నా కాదు, ఖాళీ సంచి కూడా కాదు, సంచే లేదు అని.

పోలికల గురించి ఒక జాగ్రత్త చెప్పాలె. ఇవి గడప దాటడానికి పనికొస్తయి, లోపల కూర్చోవడానికి కాదు. గిర్నిలో పోసిన జొన్నలు మళ్లీ రావు, కానీ ఫంక్షన్‌కు ఇచ్చిన అంకె బయట అట్లనే ఉంటది. ఖాతా పుస్తకంలో కొట్టేసిన పాత అంకె కనిపిస్తది, వేరియబుల్‌లో పాతది పోయిందంటే పోయినట్టే. అర్థమైనంక పోలికను వదిలేసి అసలు మాటతోనే ఆలోచించుడు అలవాటు చేస్కోండి. ఇంటర్వ్యూలో గిర్ని అని చెప్తే నడవదు, ఫంక్షన్ అనే చెప్పాలె.

ఎర్రర్లు. మనోళ్లను ఎక్కువ పారగొట్టేది ఇవే. తెర మీద ఎర్రగా నాలుగు లైన్ల ఇంగ్లిష్ పడంగనే, బడిలో లేచి నిలబడమన్నట్టు అనిపిస్తది. నా రూమ్మేట్ అయితే అది రాంగనే మానిటర్ ఆపేసేవాడు, పక్కోళ్లకు కనపడొద్దని. కానీ పక్కోళ్ల తెరల మీద కూడా అవే పడుతుంటయి, వాళ్లు సిగ్గుపడరు, అంతే తేడా. ఇరవై ఏండ్ల అనుభవం ఉన్నోళ్లకు కూడా రోజుకు పది వస్తయి. నేను పనిచేసే చోట నా పైన ఉన్నాయనకు నాకంటే ఎక్కువ వస్తయి, ఎందుకంటే ఆయన నాకంటే ఎక్కువ రాస్తడు.

పైథాన్ ఎర్రర్‌ను కింది నుంచి చదవండి. చివరి లైనులో ఎర్రర్ పేరు, కారణం ఉంటయి, దాని పైన ఏ లైనులో ఆగిందో నంబర్ ఉంటది. సి లో తలకిందులు, ముందు వచ్చిన ఎర్రర్ సరిచేయాలె. ఒక్క సెమికోలన్ పోతే కింద వరుసగా పది ఎర్రర్లు చూపిస్తది, మొదటిది సరిచేస్తే చాలాసార్లు మిగతావి వాటంతటవే పోతయి. నేమ్ ఎర్రర్ అంటే ఆ పేరుతో ఎవరూ లేరు, స్పెల్లింగ్ చూస్కో అని. తెలుగు పేర్లు పెట్టినా ఇది వస్తది, ధర అని ఒకచోట, ధార అని ఇంకోచోట కొడితే. 3.10 వర్షన్ నుంచి దగ్గరి పేరు ఏదన్నా ఉంటే "నువ్వు అన్నది ఇదా?" అని అదే అడుగుతది. టైప్ ఎర్రర్ అంటే అంకెను, అక్షరాలను కలపరాని విధంగా కలిపినవ్ అని. ఇండెంటేషన్ ఎర్రర్ అంటే లోపలికి జరపాల్సిన లైను జరపలేదు, లేకుంటే ఒకటి ఎక్కువ జరిపినవ్. సింటాక్స్ ఎర్రర్ అంటే వాక్యం కుదరలేదు. దీంట్లో ఒక కిటుకు ఉంది, అది చూపించే లైను బాగనే ఉంటే దానిపై లైను చూడండి. బ్రాకెట్ మూయడం పోయింది అక్కడ ఉంటది.

ఎర్రర్ చూపించకుండ తప్పు జవాబు ఇచ్చే తప్పును బగ్ అంటారు, పై 4035 లాంటిది. బగ్ అంటే పురుగు. ఇంజినీర్లు ఆ మాటను పాతకాలం నుంచే వాడేవాళ్లు. అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అనే కంప్యూటర్‌లో 1947లో నిజంగానే ఒక రెక్కల పురుగు ఇరుక్కుంటే, దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టేపు వేసి అతికించి, బగ్ నిజంగా దొరికిన మొదటి కేసు ఇది అని రాసుకున్నరు. పత్తిచేనుల పురుగును ఏరే చేతులు మనవి, డీబగ్గింగ్ కొత్తేం కాదు.

చివరికి నాకు ఇష్టమైన సంగతి ఒకటి. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. అందుకని ప్రపంచంలో ప్రతి అక్షరానికి ఒక నంబర్ ఇచ్చారు, ఆ పట్టికను యూనికోడ్ అంటారు. ఇంగ్లిష్ పెద్ద ఏ నంబర్ 65. మన తెలుగు అ నంబర్ 3077. పైథాన్‌లో "అమ్మ" పొడుగు ఎంతని లెన్ ఫంక్షన్‌ను అడిగితే 2 అనదు, 4 అంటది. అ, మ, పొల్లు, మళ్లీ మ. "గోండి" అంటే 5. ఎందుకో మీరే విడదీసి చూడండి.

ఆదిలాబాద్ జిల్లాలో గుంజాల ఊర్లో దొరికిన రాతప్రతుల లిపి ఉంది కదా, గుంజాల గోండి, అది కూడా 2018లో యూనికోడ్ పట్టికలో చేరింది. దాని అ నంబర్ 73056. మధ్యప్రదేశ్ పక్క వాడే మసరాం గోండి లిపి అంతకు ముందు ఏడాది, 2017లో చేరింది. సవర వాళ్ల సోరా సోంపెంగ్ లిపి ఇంకా ముందే, 2012లో చేరింది. చేరిందంటే ఏం లాభం అని అడిగిండు ఒక తమ్ముడు. చెప్తా. పైథాన్ 3.7 నుంచి గుంజాల గోండి అంకెల్లో ఒక సంఖ్య రాసి ఇంట్ ఫంక్షన్‌కు ఇస్తే, అది చదివి, మామూలు అంకెగా మార్చి, కూడి, గుణించి చూపిస్తది. తెలుగు అంకెలు ౧౨ ఇచ్చినా 12 అని తీసుకుంటది. మనం ఏ లిపిలో రాసినం అని దానికి పట్టింపు లేదు, నంబర్ ఉందా లేదా అంతే.

కానీ నంబర్ ఇచ్చినంత మాత్రాన పని అయిపోదు. ఆ అక్షరాలు ఫోన్‌లో కనబడాలంటే ఫాంట్ కావాలె, టైప్ చేయాలంటే కీబోర్డు కావాలె, తప్పు స్పెల్లింగ్ పట్టాలంటే మాటల పట్టిక కావాలె. ఇవన్నీ ఎవరో రాయాల్సిన ప్రోగ్రాములే. గోండి రాని మనిషి రాస్తే గోండిలో ఏది తప్పో, ఏది ఒప్పో ఆయనకెట్ల తెలుస్తది? నా రూమ్మేట్‌కు కొలామీ వచ్చు, గోండి వచ్చు, తెలుగు, మరాఠీ వచ్చు. ఆయన బుర్రలో ఉన్న మాటల పట్టిక ఇప్పటికీ ఏ కంప్యూటర్‌లో లేదు.

ల్యాప్‌టాప్ లేదని ఆగకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ అనే యాప్ ఉంది, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకున్నా పైథాన్ నడుస్తది, సిగ్నల్ లేని గూడెంలో కూడా. నేను వడ్డీ లెక్క చేసింది అట్లాంటి ఫోన్ మీదనే. సి ల్యాబ్ ఉన్నోళ్లు ముందు పైథాన్‌లో ఆలోచన సరిచూసుకొని తర్వాత సి లో రాయండి, మార్కులు సి కే కాబట్టి సి ని వదలొద్దు. రోజుకు రెండు మాటలు, పొడుగు నోట్‌బుక్, ఎదురుగ మన ఇంటి పోలిక. చదివి వదిలేయకుండ చేత్తో టైప్ చేయండి.

ఫోన్ చేసిన ఇద్దరికీ: బ్రాంచి మార్చుకునే కాగితం ఇంకా ఇవ్వలేదన్నరు కదా, మొదటి ఇంటర్నల్ అయ్యేదాకా ఇవ్వకండి. ఆదివారం పొద్దున పది తర్వాత నేను ఖాళీగనే ఉంట. మీకు వచ్చిన ఎర్రర్‌ను ఫొటో తీసి పెట్టండి, చివరి లైను కనబడేటట్టు.